బొటనవేలి సాక్ష్యం

"నేనే చంపిన, మేడం. ఎన్నిసార్లు అడిగినా గదే చెప్త."

నాలుగోసారి చెప్పాడు కొమురయ్య. నాలుగుసార్లూ అవే మాటలు, అదే వరుస. నిజం చెప్పేవాడు ప్రతిసారీ ఎక్కడో ఒకచోట తడబడతాడని, ముందు జరిగింది వెనక చెబుతాడని ఇరవై ఆరేళ్ల సర్వీసులో సఫియా బేగంకు తెలిసొచ్చింది. పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాళ్లను చూస్తేనే ఆమెకు నీరసం వస్తుంది. వాళ్ల వెనకాల ఇంకెవరో ఉంటారు. ఆ ఇంకెవరినో వెతుక్కుంటూ మళ్లీ తిరగాలి.

గురువారం ఉదయం తొమ్మిదిన్నర. భూపాలపల్లి పోలీస్ స్టేషన్. సఫియా ఇక్కడి ఆఫీసరు కాదు, మహబూబాబాద్ సి.ఐ. మంగళవారం సాయంత్రం హీరాలాల్ అనే మనిషి ఇంటికి రాలేదని అతని భార్య ఆమె స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చింది. బుధవారం పొద్దున అతని శవం భూపాలపల్లిలో, గని కార్మికుల క్వార్టర్లలో తాళం వేసిన గదిలో దొరికింది. మధ్యాహ్నానికల్లా కొమురయ్య తనంతట తానే స్టేషన్‌కు వచ్చి లొంగిపోయాడు.

హీరాలాల్ పని అందరికీ తెలిసిందే. జబ్బు చేసి గనిలో దిగలేని కార్మికుణ్ని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. ఆ ఫైళ్లు నడిపించే మధ్యవర్తి అతను.

"మంగళారం ఎన్నింటికి పోయినవ్ కొమురయ్యన్నా?"

"పదకొండు గొట్టంగ."

"ఏమన్నడు?"

"నా ఫైలు వాపస్ వచ్చిందన్నడు. చేతులకు ఏం రోగం లేదని రిపోర్టు వచ్చిందట. కోపమొచ్చింది. గొంతు వట్టిన."

"ఎట్ల వట్టినవ్?"

కొమురయ్య రెండు చేతులూ గాల్లోకి ఎత్తి చూపించాడు. సఫియా ఆ చేతులనే చూసింది. యాభై ఒక్క ఏళ్ల మనిషి, ముప్పై ఏళ్లు బొగ్గు తవ్వినవాడు. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంట పడింది. చిటికెనవేలి వైపు మాత్రం అరచేయి నిండుగానే ఉంది.

కానిస్టేబుల్ చాయ్ తెచ్చి పెట్టాడు. కొమురయ్య గ్లాసును వేళ్లతో పట్టుకోలేదు. రెండు అరచేతుల అంచుల మధ్య అదిమి, తల వంచి తాగాడు.

"తలుపుకు తాళమెవరేసిండ్రు?"

"నేనే. తాళంచెవి కిటికీ సందుల వెట్టిన."

సఫియా తన ఇంటి తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. "గిది తీసుకో."

బొటనవేలు కదిలింది గాని నొక్కలేకపోయింది. తాళంచెవి జారింది. మళ్లీ ప్రయత్నించాడు. చివరికి దాన్ని బల్ల అంచుదాకా లాగి, చూపుడువేలు మధ్యవేలు నడుమ ఇరికించి ఎత్తాడు. నుదుట చెమట పట్టింది.

గుమ్మంలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇక్కడి ఇన్‌స్పెక్టర్ ఇమ్మానుయేల్. ఆమెకంటే పదేళ్లు చిన్నవాడు, ఇస్త్రీ నలగని చొక్కా, ఇరవై నాలుగు గంటల్లో హత్యకేసు తేల్చిన ఉత్సాహం.

"మస్తు నటిస్తున్నడు గదా మేడం? ఆర్నెల్ల సంది బోర్డు ముందర గిదే ఆట. బోర్డు నార్మలని రాసిచ్చింది. ఆట ఓడిపోయిండు, ఆడిచ్చినోణ్ని చంపిండు."

సఫియా కొమురయ్య వైపు తిరిగి మెల్లగా అడిగింది. "నీ బిడ్డ రజని మంగళారం పొద్దుగాల యాడుంది?"

ఆ ఒక్క ప్రశ్నకే వరుస తప్పింది. "ఆమె... ఇంట్లనే ఉంది. బడికి పోయింది. ఆమె ముచ్చట మీకెందుకు? నేను ఒప్పుకున్న గద! ఎట్లయిన పొయ్యేటోణ్ని. నన్ను జైల్ల ఎయ్యుండ్రి, కథ అయిపోతది."

ఇంట్లో ఉండి బడికి ఎట్లా పోయిందని ఆమె అడగలేదు. అడిగి ఆ ముఖాన్ని ఇంకా చూడాలనిపించలేదు.

వరండాలో రజని బెంచీ మీద కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్లుంటాయి, ప్రైవేటు బడిలో టీచరు. భుజానికి తగిలించుకున్న సంచిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పక్కన నలభై ఎనిమిదేళ్ల మనిషి నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. పేరు కుమార్, కొమురయ్య పక్క క్వార్టరు. నిన్న కొమురయ్యను బండిమీద స్టేషన్‌కు తెచ్చిందీ అతనే.

"అన్నతోని ఇరవై ఏండ్లు ఒక్కటే షిఫ్టు చేసిన మేడం," అన్నాడు. "పోయిన నెల్ల నేను అన్‌ఫిట్ అయి దిగిపోయిన. మా పెద్దోనికి ఉద్యోగం ఆర్డరొచ్చేదుంది. గీన నసీబు చూడుండ్రి, గిట్లయింది."

రజని లేచింది. "మేడం, మీతోని జర మాట్లాడాలె. ఒంటిగ."

సఫియా రెండు రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు. మోకాళ్లు సలుపుతున్నాయి. లోపల ఇమ్మానుయేల్ జీపు తీయమని కేకేస్తున్నాడు. "సాయంత్రం మహబూబాబాద్‌ల కలువు బిడ్డా. నిమ్మళంగ విందం."

"నేను తోల్కస్త మేడం," అన్నాడు కుమార్. "ఎట్లనో అక్కడ వకీలు సాబ్‌ను కలిసేదుంది."

సరేనని తలూపింది సఫియా.

*

హీరాలాల్ ఆఫీసుగా వాడుకున్న క్వార్టరు వరుసలో చివరిది. ఒక్కటే గది, ఒక కిటికీ. తలుపుకు పాత ఇనుప తాళం, దానిమీద పోలీసు సీలు.

"హత్య జరిగినరోజు ఏసిన తాళమే మళ్లీ ఏసిండ్రా?" సఫియా అడిగింది. "దానిమీద వేలిముద్రలు?"

"ముద్దాయి ఒప్పుకున్నంక ముద్రలెందుకు మేడం?"

"పోలీసు ముందర ఒప్పుకున్నది కోర్టుల చెల్లదు ఇమ్మానుయేల్."

"రేపు మేజిస్ట్రేట్ ముందర గూడ గదే చెప్తడు. చూస్తుండుండ్రి."

సీలు తీసి సఫియా స్వయంగా తాళంచెవి తిప్పింది. కదల్లేదు. బలమంతా పెట్టినా కదల్లేదు. కానిస్టేబుల్ ప్రయత్నించాడు. నిన్న కొబ్బరినూనె పోస్తే అరగంటకు వచ్చిందన్నాడు.

"జర్ర జరుగుండ్రి," అంటూ పంచనామా సాక్షిగా వచ్చిన కుమార్ ముందుకొచ్చాడు. తాళాన్ని కొంచెం పైకి గుంజి, చెవిని బొటనవేలితో లోపలికి నొక్కిపెట్టి ఒక్కసారి తిప్పాడు. టక్కున ఊడింది. "పాత తాళాలు మేడం. గిట్ల నొక్కితేనే ఇంటయి."

అందరూ లోపలికి నడిచారు.

గదిలో బల్ల, రెండు కుర్చీలు, ఇనుప బీరువా. కింద పడిన కుర్చీ చుట్టూ సుద్దగీత. పోస్ట్‌మార్టం ప్రాథమిక నివేదిక సఫియా దారిలోనే చదివింది. ఎదురుగా నిలబడి రెండు చేతులతో గొంతు నులిమారు. బొటనవేళ్ల గుర్తులు రెండు. కంఠానికి ఎడమ పక్కది బాగా లోతు, లోపల ఎముక విరిగింది. అంటే నులిమినవాడి కుడి బొటనవేలు ఎముక విరిచేంత గట్టిది.

బల్ల సొరుగులో బ్లేడు, జిగురు సీసా, కత్తిరించిన జిరాక్సు కాగితాలు. జిగురు సీసా అడుగున ఏదో అంటుకుని ఉంది. గోరుతో లాగింది. వేలెడు వెడల్పు కాగితపు పట్టీ, బ్లేడుతో నీటుగా కోసినది. దానిమీద జనగామలోని ఒక నరాల పరీక్షా కేంద్రం పేరు. కింద అచ్చులో: కొమురయ్య, వయసు 51. పరీక్ష సమయం 11:26.

"గిది మీ పంచనామాల ఉందా?"

ఇమ్మానుయేల్ పట్టీని తిప్పి చూశాడు. "చెత్త కాగితం మేడం."

"రిపోర్టు మీదికెల్లి కొమురయ్య పేరు కోసిండ్రు. పేరు ఈడుంది. మిగిలిన కాగితం యాడుంది?"

"యాడుంటే నాకేంది? మీది మిస్సింగ్ కేసు. మనిషి దొరికిండు. ఇగ మీ ఫైలు మూసుకోవచ్చు." గొంతు పెరిగింది. "నాలుగింటికి ప్రెస్‌మీట్ ఉంది. ఎస్పీ సాబ్ వస్తున్నడు. నాకు ఒప్పుకోలుంది. మీకు జాలుంది. జాలితోని కేసు నడువది."

"జాలి గాదు. అలసిపోయిన. పేదోడు ఒప్పుకుంటే మనకు అల్కగ ఉంటది, గందుకే నమ్ముతం. నేను గూడ మస్తుసార్లు నమ్మిన."

బయటికొస్తే సందు ఊడుస్తున్న తుల్సీబాయి కనబడింది. క్వార్టర్ల పారిశుధ్య కార్మికురాలు. ఇంతవరకూ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదట.

"పదింబావుకు హీరాలాల్ సేటుకు చాయొచ్చింది. పదిన్నరకు ఒక ఆడిపిల్ల వచ్చింది, గట్టిగ లొల్లివెట్టుకొని పోయింది. ఆ పిల్ల పోయినంక సేటు గీ మెట్లమీదనే నిలవడి ఫోన్ల మాట్లాడిండు. నేను అటు దిక్కు పోయి పదకొండున్నరకు మళ్లీ వచ్చేవరకు తాళమేసుంది."

"ఆ పిల్ల పోయినంక సేటు బతికే ఉన్నడా? నీ కండ్లతోని చూసినవా?"

"అయ్యో, బాజాప్త చూసిన! ఎవ్వల్నో బతిమాలుతుండె. నావల్ల గాదు, బోర్డుల నిజం చెప్పేస్త అంటుండె."

సఫియా వాచీ చూసుకుంది. పదకొండూ నలభై. స్టేషన్‌లో ఉన్న రజనిని కుమార్‌తో పిలిపిద్దామని వెనక్కి చూసింది. కుమార్ అప్పటికే వెళ్లిపోయాడు. సాయంత్రం ఎట్లాగూ కలుస్తుంది కదా అనుకుని జీపెక్కింది. హెడ్ కానిస్టేబుల్ అజహర్ స్టీరింగ్ ముందు కూర్చుని ఎటు అన్నట్టు చూశాడు.

"జనగామ," అంది.

*

దారిలో తినడానికి ఆగలేదు. జనగామ చేరేసరికి రెండూ నలభై. వారానికి మూడు రోజులు అక్కడికి వచ్చే నరాల డాక్టరు జోయా చివరి పేషెంటును పంపించేదాకా మరో ఇరవై నిమిషాలు బయట కూర్చుంది సఫియా. గోడకు తల ఆనించగానే కళ్లు మూతలు పడ్డాయి. అజహర్ లేపాల్సి వచ్చింది.

జోయాకు ముప్పై అయిదేళ్లు, సఫియాను అక్కను పిలిచినట్టు 'ఆపా' అని పిలిచింది. పట్టీ చూడగానే కంప్యూటర్‌లో వెతికింది. "పోయిన నెల పద్దెనిమిదో తారీఖు ఆపా. కొమురయ్య. బాగా యాదికున్నడు."

"ఆయనకు నిజంగ జబ్బుందా, నటిస్తున్నడా?"

"బలం లేదని నటించొచ్చు. కానీ గీ పరీక్షల నటించుడు ఉండదు." జోయా తెర ఇటు తిప్పింది. "మణికట్టు దగ్గర నరానికి నేను చిన్న కరెంటిస్త. మామూలు చెయ్యి అయితే బొటనవేలి కింద కండ గుంజుకుంటది. ఎంత గుంజిందో మిషన్ గీత గీస్తది. కరెంటిచ్చేది నేను. పేషెంట్ ఇష్టంతోని పనే లేదు."

తెరమీద రెండు గీతలు. ఒకటి కొండలా లేచి దిగింది. ఇంకోటి దాదాపు చదునుగా ఉంది.

"ఎత్తుగున్నది చిటికెనవేలి పక్క కండ. ఇంకా పనిచేస్తున్నది. సాపుగున్నది బొటనవేలి పక్కది. కుడి చెయ్యిల పూర్తిగ పోయినట్టే. ఒక్కటే అరచేతిల సగం మిగిలి సగం పోవుడు, గీ జబ్బుల మేము వెతికే గురుతులల్ల ఒకటి. తర్వాత కండల సన్న సూది పెట్టిన. చెయ్యి కదలకుండ పెట్టుకున్నప్పుడు మిషన్ల సప్పుడు రావద్దు. ఆయన కండ మంగలంల పేలాలు వేగినట్టు చిటపటలాడింది. చేతులల్ల, కాళ్లల్ల, నాలికల గూడ. మోటార్ న్యూరాన్ జబ్బు. కండను నడిపించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతయి."

"గా కుడి బొటనవేలితోని ఒక మనిషి గొంతు ఎముక ఇరగ్గొట్టొచ్చా?"

"అంగీ గుండీ పెట్టుకోలేడు ఆపా."

పొద్దున స్టేషన్‌లోనే సఫియాకు తెలిసిన సంగతి. ఇప్పుడు దానికి తేదీ ఉంది, సమయముంది, గీత ఉంది.

"రోగం పేరు చెప్పినప్పుడు ఏమన్నడు?"

"ఏడ్వలేదు. 'చేతులేనా, మాట గూడ పోతదా అమ్మా' అని అడిగిండు. కొన్నొద్దులకు మాట గూడ కష్టమైతదన్న. పక్కనే ఉన్న బిడ్డను బయటికి పొమ్మని, 'ఆమెకు గా ముచ్చట చెప్పకుండ్రి' అన్నడు." జోయా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "సోమవారం ఆ బిడ్డ మళ్లొచ్చింది. బోర్డుల నార్మలని ఎట్ల రాసిండ్రని లొల్లి చేసి, బాపు పేరుతోని ఇంకో కాపీ తీసుకపోయింది."

రజని భుజాన గట్టిగా పట్టుకున్న సంచి సఫియాకు గుర్తొచ్చింది. ఆమె చెప్పబోయింది అదే. మంగళవారం పదిన్నరకు ఆ కాపీతోనే హీరాలాల్‌ను నిలదీసి ఉంటుంది. ఆమె అటు వెళ్లిందని, తాళంచెవి ఎక్కడుందో కూడా ఎవరో కొమురయ్య చెవిన వేశారు. బిడ్డే చంపిందనుకుని అతను నేరం నెత్తిన వేసుకున్నాడు.

"మొదటి రిపోర్టు ఎవరు తీసుకపోయిండ్రు?"

"హీరాలాల్ అని ఒకాయన. ఫైలు నడిపిస్తున్న అన్నడు." జోయా ఏదో గుర్తొచ్చి ఫోన్ తీసింది. "సోమవారమే ఇంకొకటైంది. బోర్డుకు కొత్త డాక్టరొచ్చిండు. పాత ఫైళ్లన్నీ మళ్లీ చూస్తున్నడట. గీ రిపోర్టు మీదేనా అని ఫోటో పంపిండు. గీతలు మావే గద, మాదే అని జవాబిచ్చిన. పేరు చూడలే."

సఫియా ఫోన్ అందుకుంది. అవే రెండు గీతలు, ఒకటి కొండ, ఒకటి చదును. పైన పరీక్ష సమయం అదే, 11:26. పేరు, సమయం ఉన్న పట్టీ చుట్టూ జిరాక్సులో సన్నటి అతుకు గీత కనబడుతోంది. ఆ అతుకు మీద ఉన్న పేరు: కుమార్, వయసు 48.

ఈ కాగితం ప్రకారం కుమార్ కుడి బొటనవేలు చచ్చిపోయి నెల దాటింది. ఇద్దరు మనుషులకు లొంగని తాళాన్ని పొద్దున అదే బొటనవేలు ఒక్క నొక్కుతో తీసింది. తాను పక్కనే నిలబడి చూసింది. చూసి లోపలికి నడిచింది.

అజహర్ తలుపు తోసుకొచ్చాడు. "మేడం, హీరాలాల్ ఫోన్ లిస్టొచ్చింది. మంగళారం పదీ నలభై నాలుగుకు ఆఖరి కాల్. కుమార్‌కే."

ఆమె వెంటనే ఇమ్మానుయేల్‌కు ఫోన్ చేసింది. మూడూ ఇరవై రెండు.

"కుమార్‌ను అరెస్ట్ చెయ్యి. కొమురయ్య ఫైల్ల నార్మల్ రిపోర్టు వెట్టిచ్చి, ఆయన అసలు రిపోర్టు మీద తన పేరు అతికిచ్చుకొని అన్‌ఫిట్ అయింది వాడే. హీరాలాల్ బోర్డుల చెప్పేస్తనంటే చంపిండు."

"మేడం, గంటల ప్రెస్‌మీట్ వెట్టుకొని..."

"కొమురయ్య చేతులతోని హత్య కాదు. డాక్టర్ రాసిస్తది. రేపు పేపర్ల నీ మొఖమే ఉంటది. కుమార్ యాడున్నడు?"

ఇమ్మానుయేల్ గొంతులో పొద్దుటి ధాటి లేదు. "రెండున్నరకు స్టేషన్ కాడ్నుంచే కార్ల పోయిండు. ఆ పిల్లను తోల్కొని. మీరే రమ్మన్నరంట గద మహబూబాబాద్‌కు. మీరు యాడికి పోయిండ్రని అడిగితే..."

"ఏం చెప్పినవ్?"

"జనగామ డాక్టర్ దగ్గరికని చెప్పిన."

అతన్ని తిట్టే హక్కు తనకుందని సఫియాకు అనిపించలేదు. ఆ పిల్లను ఆ కారెక్కించింది తన అలసటే.

రజని నంబరు కలిపింది. అయిదో రింగుకు ఎత్తింది.

"బిడ్డా, నేను సఫియా మేడంను. యాడున్నరు?"

"కాటారం దాటినం మేడం."

మహబూబాబాద్ దక్షిణాన ఉంది. కాటారం భూపాలపల్లికి ఉత్తరాన, గోదావరి దిక్కు అడవి దారిలో ఉంది. సఫియా జోయా మందుల చీటీ లాక్కుని దానిమీద 'కాటారం స్టేషన్, కారు ఆపండి' అని రాసి అజహర్ చేతిలో పెట్టింది. అతను ఫోన్ చెవికి ఆనించుకుంటూ బయటికి పరుగెత్తాడు.

"అటెందుకు పోయిండ్రు బిడ్డా?" గొంతు మామూలుగా ఉంచడానికి ఆమెకు ఉన్న ఓపికంతా కావాల్సి వచ్చింది.

"వకీలు సాబ్ ఊరు గిటేనట. ఆయన్ను తీసుకొని పోదమన్నడు కుమార్ కాక. మేడం, నా దగ్గర బాపు రిపోర్టుంది. అసలుది. పొద్దున గదే చెప్దామనుకున్న. కాకకు ఇప్పుడే చూపెట్టిన. ఫోన్ స్పీకర్ల ఉంది మేడం, కాక గూడ వింటున్నడు."

ఇంజను చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు మధ్యలోంచి కుమార్ గొంతు వచ్చింది. పొద్దున వరండాలో విన్నట్టే మెత్తగా, మర్యాదగా.

"నమస్తే మేడం. డాక్టరమ్మ ఏమన్నది?"

సఫియా తెరమీది చదును గీత వైపు చూసింది. "ఏమంటది కుమార్? కొమురయ్య నటిస్తున్నడన్నది. ఇమ్మానుయేల్ సారే కరెక్ట్. కేసు అయిపోయింది. నువ్వు పిల్లను తీసుకొని వాపస్ రా, ఆమె సంతకం ఒకటి కావాలె."

అసలు రిపోర్టు ఇప్పుడే చూసినవాడి ముందు ఆ అబద్ధం నిలవలేదు. జవాబుకు బదులు చక్రాల చప్పుడు మారింది. తారు రోడ్డు నున్నటి హోరు పోయి, కింద కంకర రాళ్లు నలగసాగాయి. కారు రోడ్డు దిగింది.

"కాకా, గిటెటు పోతు..." అని రజని అంటుండగానే ఫోన్ కట్టయింది.